అత్తమ్మ గుండె ఉరికినప్పుడు

జులై 3, బుధవారం
ఈరోజు అత్తమ్మ పెనం మీద పడబోయింది.
రాందాస్ చౌరస్తా దగ్గర ఆమె జొన్నరొట్టెల బండి. ఐలమ్మ రొట్టెలంటే చాలామందికి తెలుసు. కాలేజీలో పాఠాలు చెప్పి వస్తూ నేను అక్కడే ఆగుతాను. రొట్టె తిప్పుతూ తిప్పుతూ ఛాతీ పట్టుకుని ముందుకు ఒరిగింది. రెక్క పట్టుకుని లాగాను. అయినా ఆమె మోచేయి కాలింది.
“గుండె ఉరుకుతుంది బిడ్డా, ఎవరో తరుముతున్నట్టు,” అంది.
ఆటోలో దవాఖానకు చేరేసరికి మామూలైపోయింది. ఈసీజీ నార్మల్. ప్రతిసారీ ఇంతే. డాక్టర్ ఇంద్రకరణ్ మంచివాడే. గ్యాస్ మాత్రలు రాసి, వేడి దగ్గర ఎక్కువసేపు ఉండొద్దన్నాడు.

జులై 4
మా ఆయన రాకేష్ మనోహరాబాద్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ముగించుకుని వచ్చి, బండి మూసేయమన్నాడు. వయసైంది, రెస్ట్ తీసుకో అన్నాడు. అత్తమ్మ వంటింట్లో నాతో మెల్లగా అంది: “ఇగ నేను చెప్ప. చెప్తే అబద్ధమంటరు, లేకుంటే బండి బంద్ పెట్టుమంటరు.”
చెప్పదట. నాకు భయం వేసింది దానికే.

జులై 7, ఆదివారం
పొద్దున్నుంచి ఒకటే ఆలోచన.
పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్తాను. సెన్సర్లు బోర్డు మీద గీయడమే నా పని. గుండె గీత తీసే చిప్ ఉంది. వేలి మీద ఎర్ర లైటు వేసి ఆక్సిజన్ చెప్పేది ఉంది. తాకకుండానే జ్వరం చూసేది ఉంది. ఊపిరి చప్పుడు వినగలిగే బుల్లి మైక్ ఉంది. కొత్తగా కనిపెట్టాల్సింది ఒక్కటీ లేదు. అన్నీ కలిసి ఒక అరచేతిలో లేవు, అంతే.
ఉంటే? కుల్చారంలో ఆశా వర్కర్ అక్క సంచిలో ఒకటి. అల్లాదుర్గ్‌లో స్కూల్ బీరువాలో ఒకటి. అత్తమ్మ బండి మీద, పిండి డబ్బా పక్కన ఒకటి. మనం దవాఖానకు పోయేదాకా జబ్బు ఆగదు కదా.
అన్నీ ఒకేసారి నాకు చేతకాదు. గుండె గీత ఒక్కటి చేస్తాను.

జులై 20
కోఠీ నుంచి పార్టులు తెచ్చి సబ్బు డబ్బాలో బిగించాను. రెండు బొటనవేళ్ల కింద రెండు స్టీలు బిళ్లలు. గీత ఫోన్‌లో వస్తుంది. నా చేతులకు అందంగా వచ్చింది.
అత్తమ్మ చేతులకు రాలేదు. ఏళ్ల తరబడి పెనం, పిండి. వేళ్లు ఎండి బెరడు కట్టాయి. తెర మీద అన్నీ పిచ్చిగీతలు. “నా చేతులు దానికి నచ్చలే,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
సాయంత్రం తడిగుడ్డతో ఆ వేళ్లు తుడిచి, మళ్లీ పట్టించాను. వచ్చింది! చిన్న చిన్న గుట్టల్లా, బుద్ధిగా.
“గిదేనా నాది?” అంది. ఆమె గొంతులో సిగ్గు.

జులై 28
అత్తమ్మకు ఆ ఉరుకుడు మళ్లీ రాలేదు. రావాలని ఎదురుచూస్తున్నాను. ఎంత పాపిష్టి ఎదురుచూపు.

ఆగస్టు 9, శుక్రవారం
వచ్చింది.
క్లాసులో ఉండగా అత్తమ్మ ఫోన్. ఇంట్లో పిండి కలుపుతోందట. “స్నేహా, పట్టుకున్న. చేతులు తడి చేసుకున్న. గీతలు మస్తు దగ్గర దగ్గర వచ్చినయ్. నువ్వు పరేషాన్ గాకు, కూసున్న.”
నేను వెళ్లేసరికి ఎప్పటిలాగే తగ్గిపోయింది. కానీ ఈసారి గీత మిగిలింది.
డాక్టర్ దాన్ని చాలాసేపు చూశాడు. ఇంట్లో చేసిన డబ్బాను నమ్మి మందు రాయలేనన్నాడు. సరైన మాటే. కానీ హైదరాబాద్‌లో గుండె డాక్టర్‌కు తనే ఫోన్ చేశాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి, “అమ్మా, మీరు మొదటిసంది నిజమే చెప్తున్నరు. మాకే దొరకలే,” అన్నాడు.
అత్తమ్మ అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చిన్నపిల్లలా. జబ్బు ఉందని చెప్తే అంత నెమ్మదించిన మనిషిని నేను చూడలేదు.

ఆగస్టు 27
హైదరాబాద్. గుండెలో కరెంటు పోయే దారి ఒకటి అదనంగా ఉందట, పుట్టుకతోనే. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి దాన్ని కాల్చేశారు. బయట కూర్చున్నంతసేపూ రాకేష్ నా చెయ్యి వదల్లేదు. “బండి బంద్ పెట్టుమన్న గని, ఎట్లున్నదే అమ్మా అని అడగలే,” అన్నాడు.
కళ్లు తెరవగానే అత్తమ్మ బండి ఎవరు చూస్తున్నారని అడిగింది. “నువ్వు లెవ్వు ముందుగాల. బండి నేనే నూకుకొస్త,” అన్నాడు రాకేష్.

సెప్టెంబర్ 15
బండి తెరిచాం. రాకేషే తోశాడు.

సెప్టెంబర్ 22
నా తల దువ్వుతూ దువ్వుతూ అత్తమ్మ ఆగిపోయింది. వంగి నా ఛాతీ మీద చెవి పెట్టింది. ఏమైందత్తమ్మా అన్నాను.
“సప్పుడు చెయ్యకు. ఇంటున్న.”