సగం గోళీ, మేకకాళ్ల పులుసు

తమ్మీ, అక్షరాలు వంకరగా వచ్చాయి, తప్పులుంటే మన్నించు. నువ్వు నేర్పినవే కదా, ఓపికగా చదువు. ఇది రాసేసరికే తెల్లారింది. ఆడబిడ్డ మనవడి తొట్టెల పండుగకు తిరుమలగిరి పోతున్నాను, రేపు సాయంత్రం వస్తాను.

యూరిక్ ఆసిడ్ తగ్గడానికిచ్చిన కొత్త గోళీ సగమే వేసుకో. నీ మూత్రపిండాలు బలహీనంగా ఉన్నాయి కాబట్టి తక్కువతో మొదలుపెట్టి, రక్తం చూసి పెంచుతానన్నాడు డాక్టరు. తొందరపడి మొత్తం మింగకు. బొటనవేలు మళ్లీ సలిపితే అంగట్లో నొప్పి గోళీ కొనకు, అది మూత్రపిండాలకు చెరుపు. నేరుగా దవాఖానకు పో.

పక్కింట్లో ఇవాళ ఎల్లమ్మకు మేకను కోస్తారు. కాళ్ల నొప్పికి మంచిదని ఆ ఇంటి ఆండాళు నీకు కాళ్ల పులుసు తెస్తుంది. అటువంటి వాటితోనే నీ రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరుగుతుందని డాక్టరు చెప్పాడు కదా. "ఎల్లమ్మ ప్రసాదం ఎట్ల కాదంటనే అక్కా?" అంటావు. కళ్లకు అద్దుకుని గిన్నె తీసుకో. రాత్రికి మరోసారి మరిగించి మూత పెట్టు. రేపొచ్చి నేను తాగుతాను, నా మూత్రపిండాలు బాగానే ఉన్నాయి. నీకు జొన్నరొట్టె, సొరకాయ కూర ఉట్టిమీద ఉన్నాయి.

నొప్పి తగ్గి నిన్న నువ్వు మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేశావు. ఆ చప్పుడు వింటూ పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. అన్నం మాడింది కానీ నా ప్రాణం కుదుటపడింది.

మరిచాను. మొన్న నొప్పిలో "నీ అత్తగారింటికి నువ్వు పోరాదే" అన్నావు. ఆ మాట నొప్పిదే అనుకున్నాను. అయినా నా చిరునామా రాసిపెడుతున్నాను.

వెంకటనర్సమ్మ, వయసు యాభై ఆరేళ్లు, ఉండేది మోత్కూరులో, ఈ ఇంట్లోనే.