ఆరు బోన్లలో ఊక

కొత్తపేట,
ఆదివారం.

చిరంజీవి అరుణజ్యోతికి మీ నాన్న దీవించి రాస్తున్నది. మీ అమ్మ, అన్న, నేను ముగ్గురం మంచిగా ఉన్నాం. నువ్వూ మంచిగానే ఉండి, నా తప్పులు దిద్దడానికి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నావని తెలుసు. దిద్దుకో తల్లీ, కానీ వార్డెన్‌కు చూపించకు.

మీ గురుకులంలో ఫోన్ మాట్లాడనిచ్చే అయిదు నిమిషాలూ మీ అమ్మకే చాలవు. నాకు "నాన్నా, బాగున్నవా" వరకే దక్కుతుంది. అందుకే ఈ కాగితం. మీ అన్న మహేష్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కు రోజూ పోతున్నాడు. చదువుతున్నాడా అని మాత్రం నన్నడగకు. నిన్న మీ అమ్మ పుంటికూర పప్పు చేసి, నువ్వు లేవని పదిసార్లు అన్నది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఎల్బీనగర్‌లో నేను పనిచేసే ల్యాబ్‌లో తెల్ల ఎలుకలు కరుస్తాయా అని అడిగావు. మీ అన్న కంటే మర్యాదగా ఉంటాయి. వాటికి మేత వేయడం, బోన్లు కడగడం నా పని. మీకు విటమిన్ల పాఠం నడుస్తోందని రాశావు కదా, మా అమల మేడం చేస్తున్నదీ అదే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె విటమిన్ లేని మేత మగవాటికీ ఆడవాటికీ సమానంగా పెట్టించారు. మూడో వారానికి మగవాటి ముక్కుల్లోంచి రక్తం కారసాగింది. ఆడవి అదే మేత తిని హాయిగా తిరుగుతున్నాయి. ఒంట్లోని ఆడ హార్మోన్ వాటిని కొంత కాపాడుతుందట.

ఇక నేను చేసిన ఘనకార్యం విను. ఆ రక్తం చూసి నా మనసు ఆగలేదు. బోన్ల అడుగున ఇనుప జాలీ ఉంటుంది. ఇంత నీరసంలో ఇనుము మీద ఎట్లా పడుకుంటాయని, పక్క గదిలో మిగిలిన వరి ఊక తెచ్చి, మరీ నీరసించిన ఆరు మగవాటి కింద పరిచాను. సాయంత్రం వేయడం, పొద్దున మేడం రాకముందే తీసేయడం. పది రోజులకు ఆ ఆరింటికీ రక్తం ఆగింది. నా చెయ్యి మంచిదని మురిసిపోయాను.

మేడం నాకంటే ఎక్కువ మురిసిపోయారు. "లింగస్వామి గారూ, ఈ ఆరూ మామూలు ఎలుకలు కావండీ! కె విటమిన్ పేగుల్లో తయారై పెంటికల్లో బయటికొస్తుంది. ఎలుకలు ఆ పెంటికలే తిని కోలుకుంటాయి. తినకూడదనే కదా జాలీ పెట్టాం, పెంటికలు కిందికి జారిపోతాయి. మరి వీటికెలా తగ్గిందంటారు? ఇది రాస్తే అందరూ ఆశ్చర్యపోతారు!"

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. ఊక మీద పెంటికలు నిలిచాయి, ఎలుకలు తిన్నాయి! చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పాపం ఆమె అబద్ధం రాసి పెద్దవాళ్లకు పంపుతారు. రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మీ అమ్మ అంతా విని, "గింత పరేషాన్ ఎందుకయ్యా? పొయ్యి చెప్పు, పానమన్న నిమ్మలమైతది" అని తరిమింది.

"మేడం, తప్పు నాదే. ఊక నేనే ఏసిన" అన్నాను. ఆమె కుర్చీలో కూలబడ్డారు. నెలన్నర పని మరి. తిట్టారు, నిజం చెప్పొద్దూ, బాగానే తిట్టారు. తర్వాత ఆ ఆరింటినీ ప్రయోగంలోంచి తీసేసి, కొత్తవాటితో మళ్లీ మొదలుపెట్టారు. నన్ను మాత్రం తీసేయలేదు. ఇప్పుడు నిమ్మళంగా తింటున్నాను, నిమ్మళంగా పడుకుంటున్నాను.

అయితే ఆ రోజు నేను లేచి వస్తుంటే మేడం ఒక మాట అడిగారు. "ఆడవాటి కింద కూడా జాలీయే కదండీ. వాటికెందుకు వేయలేదు?"

"అవి మంచిగనే ఉన్నయ్ గద మేడం."

"పైకి అలా ఉన్నాయండీ. పరీక్ష చేస్తే వాటి రక్తం కూడా ఆలస్యంగానే గడ్డకడుతోంది. కారలేదు కాబట్టి మీకు కనబడలేదు, అంతే."

ఆ మాట నన్ను వదలడం లేదు బిడ్డా. నీకు ఎనిమిదేళ్లప్పుడు, మీ అమ్మ ఊరికి పోయిన వారం, మీ ఇద్దరికీ డెంగీ వచ్చింది. ముందు అన్నకు, మూడో రోజున నీకు వచ్చిందని ఇంట్లో అందరం చెప్పుకుంటాం. అది నేను పుట్టించిన మాట. మీ ఇద్దరి ఒళ్లూ ఒకే పొద్దున కాలాయి. వాడు ఏడ్చాడు, వాణ్ణి ఎత్తుకుని దవాఖానకు ఉరికాను. నువ్వు ఏడవలేదు. "జ్యోతికేం, గట్టి పిల్ల" అని నిన్ను పక్కింటివాళ్లకు అప్పగించాను. మూడో రోజు నల్లా దగ్గర నువ్వు పడిపోయాకే నిన్ను ఎత్తుకున్నాను. జ్వరం ఆ పొద్దునే వచ్చిందని డాక్టరుకు కూడా సిగ్గులేకుండా చెప్పాను. మీ అమ్మకు నిన్న రాత్రి భోజనాల దగ్గర ఒప్పుకున్నాను. ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు.

గట్టి పిల్లనని మా నాన్నే అన్నాడని నువ్వు నీ స్నేహితురాళ్లతో గొప్పగా చెప్పుకుంటావు. విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఆ మాట అనే కదా తల్లీ, నిన్ను జ్వరంతో వదిలేసి పోయాను. తిట్టాలనిపిస్తే ఉత్తరం నిండా తిట్టు, పడతాను. ఒంట్లో బాగాలేని నాడు మాత్రం బాగాలేదని రాయి. ఏడవాలనిపిస్తే ఏడువు. దొరికిన మొదటి బస్సెక్కి వస్తాను.

ఇట్లు,
మీ ఇద్దరి నాన్న,
లింగస్వామి