క్యాల్షియం గీత

వదినా,

ఫోన్ చేస్తే నువ్వు పళ్ల డాక్టరు గొంతుతో "నోరు తెరువు" అంటావు, నేను గట్టిగా మూసుకుంటాను. అందుకే ఈ ఉత్తరం. మీ తమ్ముడూ నేనూ విడిపోతున్నాం. వచ్చే వారం సంతకాలు. "అక్కకి నేనే చెప్తాను" అన్నాడు. మా ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి కొన్నానని నిన్న నువ్వు పెట్టిన మెసేజ్ చూశాకే, ఇంకా చెప్పలేదని అర్థమైంది. ఇప్పుడు నేను చెబితే అతనికి కోపం, చెప్పకపోతే నీకు కోపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఎందుకని అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. కొట్లాడుకోలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి పళ్లెంలోకి వాళ్లం చూసుకునేవాళ్లం. ఉప్పు అందించమనడానికి కూడా బద్ధకంగా ఉండేది. ఇప్పటికీ మెట్ల మీద మీ తమ్ముడి చెప్పుల చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది. తలుపు తీశాక ఏం మాట్లాడాలో తోచదు. అది ప్రేమో అలవాటో నాకే అంతుబట్టడం లేదు.

ఆఫీసులోనూ ఇదే గందరగోళం. టెలిస్కోపులో నేను చూస్తున్నది ఒక తెల్ల మరుగుజ్జు. నవ్వకు, సైన్సులో పేరే అది. ఒకప్పుడు సూర్యుడిలా వెలిగి, ఇంధనం అయిపోయి, భూమంత సైజుకి ముడుచుకుపోయిన నక్షత్రం. దాని వెలుగును రంగులుగా విడదీస్తే, వాటి మధ్య క్యాల్షియం ఉందని చెప్పే నల్ల గీత కనిపించింది. అలాంటి నక్షత్రం పైన క్యాల్షియం ఎక్కువ కాలం నిలవదు, లోపలికి దిగిపోతుంది. కనిపించిందంటే, దాని చుట్టూ తిరిగిన గ్రహమేదో ముక్కలై, ఆ ముక్కలు దాని మీద రాలుతున్నాయన్నమాట. క్యాల్షియం నీ శాఖే కదా, ఓ గ్రహానికి పళ్లు రాలాయనుకో. మా ఆఫీసు పెద్దాయన మురిసిపోయి పరిశోధన పేపరు రాసెయ్యమన్నాడు. కానీ ఆ గీత నక్షత్రం తాలూకు మిగతా గీతలతో సరిపోవడం లేదు, కాస్త పక్కకి జరిగి ఉంది. నక్షత్రానికీ మనకీ మధ్య దారిలో తేలే వాయువుల మబ్బుల్లో కూడా క్యాల్షియం ఉంటుంది. గీత ఆ మబ్బుదైతే, ముక్కలూ లేవు, నా పేపరూ లేదు. పెద్ద టెలిస్కోపుతో మళ్లీ చూడమని అడిగాను.

అసలు బాధ అది కాదు వదినా. సంతకం పెట్టాక నువ్వు నాకేమవుతావు? మీ తమ్ముడి వల్ల వచ్చిన చుట్టరికం మీ తమ్ముడితోనే పోవాలి కదా. అతన్ని వదిలేసి అతని అక్కని మాత్రం ఉంచుకుంటాననడం న్యాయం కాదు. అందుకే ఇక నీకు రాయను, మీ ఇంటికీ రాను. నువ్వు లేకుండా ఎలా ఉండాలో మాత్రం నాకు తెలియడం లేదు.

ఏమని సంతకం పెట్టాలో తోచక,
నేను

*

వదినా,

రాయనన్నాను, రాస్తున్నాను. నవ్వుకో.

నా ఉత్తరం పట్టుకుని తెల్లకోటుతోనే మా ఆఫీసులో ఊడిపడతావనుకోలేదు. ఎవరో తనిఖీకి వచ్చారనుకుని పెద్దాయన లేచి నిలబడ్డాడు. నువ్వు ఆయన కుర్చీలోనే కూర్చున్నావు.

"మా తమ్ముణ్ని చేసుకోకముందు నన్నేమని పిలిచేదానివే?"

"డాక్టరుగారూ అని."

"జ్ఞానదంతం పీకించుకుని, సాయంత్రం దాకా నా చెయ్యి వదలకుండా కూర్చుందెవరు? అప్పుడు వాడెక్కడున్నాడు?"

"ఊళ్లోనే లేడు."

"మరి? ఎప్పటికో నా గొడుగు ఇవ్వడానికొచ్చి నిన్ను చూశాడు. వాడి వల్ల నువ్వు నాకు దొరకలేదు, నా వల్ల నువ్వు వాడికి దొరికావు. నిలబెట్టుకోలేకపోతే అది మీ ఇద్దరి ఖర్మ. పుచ్చిన పన్నుతో పాటు పక్క పన్ను కూడా పీకేస్తే నా పట్టా లాగేసుకుంటారు."

నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. నువ్వు వెళ్లాక పెద్దాయన మాత్రం తన దవడ తడుముకుంటూ నీ ఫోన్ నంబరు అడిగాడు.

సంతకాలు అయ్యాయి. మీ తమ్ముడు పెన్ను తేవడం మర్చిపోతే నాదే ఇచ్చాను. మూత పెట్టి తిరిగి ఇచ్చాడు. ఇంట్లో ఎన్నడూ పెట్టినవాడు కాదు. ఆ మూత చూశాకే నాకు ఏడుపొచ్చింది. చేసింది మంచి పనో కాదో ఇప్పటికీ తెలియదు.

పెద్ద టెలిస్కోపు నుంచి ఫలితం వచ్చింది. గీత ఒకటి కాదు, రెండు. చిన్న టెలిస్కోపు రెంటినీ కలిపేసి ఒకటిగా చూపించింది, నేనూ ఒకటేననుకున్నాను. లేతగా ఉన్నది నక్షత్రానిదే. ముక్కలు నిజంగానే రాలుతున్నాయి, ఇంకా చాలాకాలం రాలతాయి. రెండోది, ముదురుగా ఉన్నది, ఆ నక్షత్రానికి ఏమీ కాదు. దారిలో తన మానాన తానున్న మబ్బుది. దాన్ని ఇన్నాళ్లూ నక్షత్రం ఖాతాలో వేసి లెక్క కుదరలేదని జుట్టు పీక్కున్నాను.

ఆ దుప్పటి ఎవరికీ ఇచ్చెయ్యకు, నేను తీసుకుంటాను. ఆదివారం వస్తున్నాను, ఎడమవైపు పన్ను లాగుతోంది. ఈసారి నోరు తెరుస్తాను.

నీ మరదలు