కొమురమ్మ పేరు పాడిన రోజు

సిరిసిల్ల

ప్రియమైన అత్తమ్మకు,

ఫోన్‌లో నీకు సగమే వినబడుతుంది. ఆ సగం కూడా నీకిష్టమొచ్చినట్టు వింటావు. అందుకే కాగితం పట్టాను.

నిన్న వాడంతా చూస్తుండగా తలవంపులైంది. మన నేత కులానికి పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు చాలా ఏళ్లకు మా వాడకు వస్తున్నారు. కథ చివర ఒక్కో ఇంటి గోత్రం చెప్పి, చనిపోయిన పెద్దల పేర్లు పాడతారు కదా. ఆ పేర్ల కోసం వాళ్లలో పెద్దాయన సారయ్య ముందే ఇంటింటికీ తిరుగుతున్నాడు. మన గుమ్మంలో నిలబడి, "మీ ఇంటి ఆడోళ్ల పేర్లు గూడ చెప్పు బిడ్డా" అన్నాడు. నాయనమ్మ నర్సవ్వ అన్నాను. అంతే, ఆపైన ఒక్క పేరూ తట్టలేదు. పక్కింటి రేణుక తన ఇంటివి గడగడా చెప్పి, నా వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బడిలో పిల్లలకు రాజుల వంశాలు చెబుతాను, నా ముత్తవ్వ పేరు మాత్రం నాకు తెలియదు!

బాపును అడిగితే "సాంచెల కాడ పనున్నది" అని లేచి మరమగ్గాల షెడ్డుకు వెళ్లిపోయాడు. ఇంటి చరిత్ర ఎక్కడ వెతకాలో నువ్వే చెప్పాలి.

మీ వంటింటి రాజవ్వ ఎలా ఉంది? ఆమె చేతి సర్వపిండి కోసమైనా కోరుట్ల రావాలి.

నీ మేనకోడలు,
వనిత


కోరుట్ల

వనితా బిడ్డా, చల్లగా ఉండు.

నా చెవుల మీద వెక్కిరింపులు తర్వాత, ముందు అటక ఎక్కు. మనవాళ్లు చదువుకోలేదు గానీ పెళ్లికి పెట్టిన ప్రతి గిన్నె మీదా పేరు కొట్టించారు. ఇత్తడి సామాను దించి, తోమి చూడు. తర్వాత ధర్మపురి వెళ్లు. గోదావరి ఒడ్డున మన వాళ్లకు పిండాలు పెట్టించే అయ్యగారి ఇంట్లో మన ముత్తాతల పేర్లు నోటికి చెబుతారు. ముసలివాళ్లు కనబడితే చేతుల మీది పచ్చబొట్లు అడిగి చూడు, తోబుట్టువుల పేర్లు దొరుకుతాయి. భూములున్న వాళ్లైతే పాత భూమి కాగితాలు, పహాణీలు తీయించుకుంటారు. మగ్గం గుంత తప్ప మనకేం భూమి ఉంది?

ఒక్క మాట. తాతకు పైవాళ్లను వెతుకు, తాత దగ్గర తవ్వకు. మా అమ్మ నర్సవ్వ, అంతే. దొరికినవి సారయ్యకు చెప్పేముందు నాకు రాయి.

రాజవ్వ బాగానే ఉంది. పనిమనిషిని అంతగా నెత్తికెక్కించుకోకు.

మీ అత్త,
శాంత


సిరిసిల్ల

ప్రియమైన అత్తమ్మకు,

అటక దుమ్ముకు ఇంకా తుమ్ముతూనే ఉన్నాను. ధర్మపురి అయ్యగారు ముత్తవ్వ పేరు పోశవ్వ అని చెప్పారు. రేణుక నవ్వుకు జవాబు దొరికిందని సంబరపడ్డాను. ఆ తర్వాతే, పాత నూలు కండెల బుట్టల వెనక ఇత్తడి గంగాళం ఒకటి దొరికింది. చింతపండుతో తోమితే అంచు మీద అక్షరాలు తేలాయి: "గంగారాం కొమురమ్మల పెండ్లి".

గంగారాం తాత పక్కన నర్సవ్వ ఉండాలి కదా! బాపుకు చూపించాను. ఆయన ముఖం నల్లబడిపోయింది. "నేను పాలు మరవక ముందే సచ్చింది. మల్ల గా పేరు ఇంట్ల ఇనవడద్దు" అన్నాడు.

కన్నతల్లి పేరు పలకని ఇల్లా మనది? నువ్వు కూడా నర్సవ్వే అమ్మ అన్నావు. పెంచిన తల్లి మీద గౌరవంతో అన్నావేమో. కానీ చిన్న వయసులో పోయిన మనిషిని మీరందరూ కలిసి మరిచిపోయారంటే నాకు సిగ్గుగా ఉంది. కోపగించుకోకు, నిన్ను అడగకుండానే సారయ్యకు ఆమె పేరు చెప్పేశాను.

ఆదివారం కథ. తప్పకుండా రా. ఎటూ కదలని రాజవ్వను కూడా తీసుకురా.

నీ
వనిత


సిరిసిల్ల

అత్తమ్మా,

పేర్లు పాడటం ముగియకముందే నువ్వూ రాజవ్వా లేచి వెళ్లిపోయారు, అన్నం కూడా తినలేదు. ఫోన్ చేస్తే నువ్వు పడుకున్నావంటున్నారు. నా వల్ల ఏం తప్పు జరిగింది?

కొమురమ్మ పేరు పాడినప్పుడు బాపు తల ఎత్తలేదు. రాజవ్వ కళ్లు ఒత్తుకోవడం నేను చూశాను. పరాయి మనిషికి వచ్చిన ఏడుపు కన్నకొడుక్కి రాలేదు చూడు. ఒక్క ముక్క రాయి.

వనిత


కోరుట్ల

నా బంగారు వనితకు,

తప్పు నీది కాదు. సిగ్గుతో నాకే కలం సాగలేదు.

మా ఇంట్లో ఉన్నది రాజవ్వ కాదు. ఆమె కొమురమ్మ. మా అమ్మ, మీ నాయనమ్మ. చనిపోయిన వాళ్ల వరుసలో తన పేరు పాడుతుంటే నా పక్కనే కూర్చుని విన్నది.

మా నాయన తాగి కొట్టేవాడు. ఒకరోజు ఆమె మగ్గం పనివాడొకడితో భీవండి వెళ్లిపోయింది. మా వాళ్లు తలంటు పోసుకుని, చచ్చినట్టే లెక్కగట్టి, బతికుండగానే ఆమెకు నీళ్లు వదిలేశారు. ఆ తర్వాత నర్సవ్వ వచ్చింది. పాత సామానంతా అప్పుడే అమ్మేశారనుకున్నాను, లేకపోతే నిన్ను అటక ఎక్కమంటానా? భీవండిలో ఆ పనివాడు చనిపోయాక, అమ్మ నన్ను వెతుక్కుంటూ కోరుట్ల వచ్చింది. లేచిపోయిన దాని కూతురినని అత్తవారికి తెలుస్తుందని భయపడ్డాను. మెట్‌పల్లి నుంచి వచ్చిన వంటమనిషి అని చెప్పాను, పేరు కూడా నేనే మార్చాను. అందరూ తిన్నాకే ఆమె తింటుంది. మీ బాపు వస్తే వంటింట్లోంచి బయటికి రాదు. ఎవరూ లేనప్పుడు మాత్రం నన్ను బిడ్డా అంటుంది.

పాడవద్దని నీకు రాయాలంటే ఎందుకో కూడా రాయాలి. అందుకే రాయలేదు. రానని చెబుదామంటే, "నా కొడుకు మల్లేశాన్ని ఒక్కపారి దూరంకెల్లి చూస్త" అని ఆమే బయలుదేరింది.

పాట నాకు సరిగా వినబడలేదు. ఆమె నా చేయి గట్టిగా పట్టుకున్నప్పుడు తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా చెవిలో అరిచింది, మెల్లగా చెబితే నాకు వినబడదు కదా. "బిడ్డా! నా పేరు పాడిండ్రు బిడ్డా! నా మనుమరాలే పాడిచ్చింది!" ముందు సీట్లో మా వీధి స్వర్ణలత ఉంది. వెనక్కి తిరిగి, "ఏందక్కా, నిన్ను బిడ్డా అంటున్నది?" అంది.

"ముసల్ది గదా, అందర్ని గట్లనే పిలుస్తది" అన్నాను.

కోరుట్లలో దిగాక, ఎప్పటిలాగే నా సంచి అమ్మే మోసింది. నేను మోయనిచ్చాను. నా అంత సిగ్గుమాలిన మనిషి ఎక్కడైనా ఉంటుందా వనితా?

మర్నాడు మీ మామయ్యకు, పిల్లలకు అంతా చెప్పాను. మీ మామయ్య లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు. ఆమె కూర్చోలేదు. సారయ్యకు చెప్పి చనిపోయిన వాళ్ల వరుసలోంచి ఆ పేరు తీయించనా అని అమ్మను అడిగాను.

"తీయకుండ్రి బిడ్డా. సచ్చినోళ్లల్లనన్న నన్ను కలుపుకున్నరు. బతికున్నోళ్లల్ల ఎవలు కలుపుకుంటరు?" అంది.

వచ్చే ఆదివారం ఆమెను వెంటబెట్టుకుని మీ ఇంటికి వస్తున్నాను. ఈ ఉత్తరం మీ బాపుకు చదివి వినిపించు. తలుపు తీయడం, తీయకపోవడం వాడి ఇష్టం. మేము మాత్రం వాడంతా చూస్తుండగా ముందు గుమ్మంలోనే నిలబడతాం.

ఇట్లు,
కొమురమ్మ బిడ్డ
శాంత