టోలెఫ్సన్ గారికి ప్రమేయం లేదు

నార్బీ, ఫిబ్రవరి 9

చిరంజీవి రస్‌కి,

పియానో టీచరు ఆర్డిస్ టోలెఫ్సన్ దీవెనలు. మీ ఇంట్లో అందరూ కులాసాయేనని తలుస్తాను.

నా మీద నీకేం కోపం నాయనా? చిన్నప్పుడు వేళ్ల మీద స్కేలుతో కొట్టానని ఇన్నేళ్లకి పగ తీర్చుకుంటున్నావా? మా ఆయన వెర్నర్ బతికున్నన్నాళ్లూ నీ పేపర్ చదివి బల్ల మీద విసిరికొట్టేవాడు. “ఊళ్లో అంత కాలేజీ పెట్టుకుని, ఫుట్‌బాల్ స్కోరు తప్ప లోపలేం జరుగుతోందో ఒక్క ముక్క రాయరే!” అనేవాడు. అందుకే ఆయన పోయాక బీట్ దుంపల పొలం అమ్మి, ఆయన పేరు మీద నిధి పెట్టి, వెస్ట్రమ్ కాలేజీ సంగతులు రాయడానికి నీకో విలేకరిని ఇప్పించాను. డెలియా బంగారంలాంటి పిల్ల. బాగా రాస్తోంది. నా బాధ ఆ పిల్లతో కాదు.

ప్రతి వార్త కిందా నువ్వు వేయిస్తున్న ఆ వాక్యంతో. ‘ఈ విలేకరి జీతం టోలెఫ్సన్ నిధి నుంచి వస్తోంది. వార్తల విషయంలో శ్రీమతి టోలెఫ్సన్ గారికి ఎలాంటి ప్రమేయం లేదు.’ వారం వారం ఊరంతటికీ చాటింపు వేయాలా? మొన్న చర్చిలో కాఫీల దగ్గర మార్లిస్ అందరి ముందూ, “ఏం ఆర్డిస్, ఈ వారం కూడా నీకు ప్రమేయం లేదటగా?” అంది. తలెత్తుకోలేకపోయాను.

ఇది చాలదన్నట్టు, డెలియాకి బ్లూబెర్రీ కేకు పంపిస్తే అలాగే తిప్పి పంపారు.

నీ మేలు కోరే,
ఆర్డిస్ టీచరు

తా.క.: కేకు నేనే తిన్నాను. బాగుంది. నష్టం మీకే.


నార్బీ, ఫిబ్రవరి 14

టీచరు గారికి,

రస్ హెగెన్ నమస్కారాలు.

ఆ వాక్యం మీకు అవమానం కాదు, రక్షణ. రేపు డెలియా కాలేజీ మీద ఘాటుగా ఏదైనా రాస్తే, డబ్బిచ్చినావిడ రాయించిందని ఎవరూ అనకూడదు. కేకు కూడా అంతే. మా వాళ్లు ఎవరింట్లోనైనా కాఫీ తాగొచ్చు గానీ అంతకు మించి ఏదీ పుచ్చుకోకూడదు. పేపర్‌లో రాని మాట ముందుగా దాతకి చెప్పకూడదన్నది ఇంకో నియమం. నా చేతులు కట్టేసి ఉన్నాయని మన్నించండి.

మీ పాత శిష్యుడు,
రస్

తా.క.: మార్లిస్ గారి కోసం వచ్చేవారం నుంచి ఆ వాక్యం చిన్న అక్షరాల్లో వేయిస్తున్నాను.


నార్బీ, ఏప్రిల్ 11

రస్ బాబుకి,

దీవెనలు. చిన్న అక్షరాలు చేశావు, ఇప్పుడు మార్లిస్ భూతద్దం తెచ్చి మరీ చదువుతోంది. సరే, దాన్నలా వదిలెయ్. ఇవాళ వేరే పని మీద రాస్తున్నాను.

మా కిర్‌స్టెన్ నీకు తెలుసు కదా. వాళ్లమ్మ పోయినప్పటి నుంచి మనవరాలైనా నాకు కూతురే. దానికి నర్సింగ్ సీటు రెండు చోట్ల వచ్చింది. ఒకటి ఇక్కడ వెస్ట్రమ్‌లో, ఒకటి ఎక్కడో దూరాన డులూత్ నగరంలో. ఈ నెలాఖరుకి ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఒకటి పట్టుకుంటే రెండోది పోతుంది.

దాన్ని నా కళ్ల ముందే ఉంచుకోవాలని నా ఆశ. దాచుకోవడం దేనికి, అది వెళ్లిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేది రేడియో ఒక్కటే. కాని నా ఆశ కోసం పిల్ల బతుకు పాడుచెయ్యను. డెలియా కాళ్లకి బలపం కట్టుకుని కాలేజీ పెద్దల ఇళ్ల చుట్టూ తిరుగుతోందనీ, ఆ పిల్ల మొహంలో నవ్వే లేదనీ జనం చెవులు కొరుక్కుంటున్నారు. కాలేజీకేదో ముప్పుందేమోనని నా భయం.

ఒక్కమాట చెప్పు నాయనా. కిర్‌స్టెన్‌ని వెస్ట్రమ్‌లో చేర్చమంటావా, వద్దంటావా?

ఆర్డిస్ టీచరు

తా.క.: రాయడం కుదరకపోతే చర్చిలో కనిపించినప్పుడు ముక్కు గోక్కో. ఎడమవైపు గోక్కుంటే డులూత్.


నార్బీ, ఏప్రిల్ 16

గౌరవనీయులైన దాత శ్రీమతి టోలెఫ్సన్ గారికి,

నమస్కారాలు. మా విలేకరి ఏ విషయం మీద పనిచేస్తోందో, అసలు చేస్తోందో లేదో కూడా నేను దాతలకు చెప్పలేను. ఏ కాలేజీలో చేరాలో చెప్పడం మా పేపర్ పని కాదు. మీ ఉత్తరం నిబంధన ప్రకారం ఫైలులో పెట్టాను. దయచేసి మళ్లీ అడగవద్దు.

భవదీయుడు,
రస్ హెగెన్, సంపాదకుడు

తా.క.: ఈ ఆదివారం చర్చికి రావడం లేదు. ముక్కు దురద పెట్టినా ప్రమాదమే.


నార్బీ, ఏప్రిల్ 29

నా తండ్రి రస్‌కి,

వెయ్యి దీవెనలు. నీ ఉత్తరం చదవగానే మొదట ముఖం మీద తలుపేసినట్టయింది. తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ముప్పు ఉంటే, ఒళ్లో కూర్చోబెట్టుకుని పియానో నేర్పినదాన్ని, నాకు చెప్పకుండా ఉంటావా? ఏదో ఒక వంకన చెబుతావు. చెప్పలేదంటే భయం లేదన్నమాట. గట్టిగా రాయడం పైవాళ్ల కోసం. నీ తెలివి నాకు తెలియదా!

నిన్ననే వెస్ట్రమ్‌లో చేర్చేశాం. డులూత్ వాళ్లకి అది రానని రాసేసింది.

సంతోషంతో,
ఆర్డిస్ టీచరు

తా.క.: తెల్లబూట్లు అప్పుడే కొనేసుకుంది. వంటింట్లో అటూ ఇటూ నడుస్తూ నా నాడి చూస్తోంది. నాకు మూడుసార్లు జ్వరం అని తేల్చింది.


నార్బీ, మే 24

రస్ హెగెన్ గారికి,

నిన్నటి పేపర్ చూశాను. ‘వేసవి తర్వాత తెరుచుకోదు వెస్ట్రమ్.’ అప్పుల సంగతి, పెద్దల రహస్య సమావేశాల సంగతి డెలియా అంతా తవ్వి తీసింది. నేను పెట్టిన నిధితోనే. వెర్నర్ ఉంటే మెచ్చుకునేవాడు.

కిర్‌స్టెన్ డులూత్‌కి ఫోన్ చేసింది. సీట్లు అయిపోయాయన్నారు. గదిలోంచి బయటికి రాలేదు. తెల్లబూట్లు మళ్లీ పెట్టెలో సర్దేసింది. అది చూడటం ఇంకా కష్టంగా ఉంది.

నీ నియమాలు నాకు తెలుసు. కాని ఒకటి అడుగుతాను. అదే నీ కూతురై ఉంటే నోరు మూసుకుని కూర్చునేవాడివా? నీకు ఎప్పుడు తెలిసింది?

ఆర్డిస్ టోలెఫ్సన్

తా.క.: ఆ వార్త కింద కూడా నాకు ప్రమేయం లేదని వేశారు. ఈసారి మార్లిస్ నవ్వలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.


నార్బీ, మే 27

టీచరు గారికి,

నమస్కారం పెట్టే అర్హత ఉందో లేదో తెలియదు.

నాకు మార్చిలో తెలిసింది. కాలేజీ పెద్దల్లో ఒకాయన డెలియాకి చెప్పాడు. ఒక్కడి మాట. అది అబద్ధమై, మేం వేసేస్తే, పిల్లలు భయపడి మానేసి, మూతపడని కాలేజీ మా వల్ల మూతపడేది. రెండో మనిషి నోరు విప్పేసరికి మే నెల సగం అయింది. మీరు అడిగినప్పుడు నాకు తెలుసు, కాని నిజమని తెలియదు. ఈ తేడా వార్తలు రాసేవాళ్లకి పెద్దది. కిర్‌స్టెన్‌కి అది తేడాయే కాదు. దాత ఒత్తిడి చేస్తోందనుకున్నాను గానీ ఒక అమ్మమ్మ అడుగుతోందని అనుకోలేదు. మీ ఏప్రిల్ చివరి ఉత్తరం చదివాక అది అర్థమైంది. అప్పటికి ఆలస్యమైంది.

నా కూతురైతే ఏం చేసేవాడినని అడిగారు. మా అనికా కూడా కిర్‌స్టెన్ చేరిన వారమే వెస్ట్రమ్‌లో చేరింది, సంగీతం టీచరు కావాలని. రాత్రి భోజనాల దగ్గర, “నాన్నా, మంచి కాలేజీయేగా? నువ్వేం అనవేంటి?” అని అడిగింది. నేను బంగాళదుంపల గిన్నె దాని వైపు జరిపాను. పేపర్‌లో రాని మాట ఇంట్లో కూడా చెప్పకూడదన్నదే నా నియమం. మా ఆవిడ, “ఆయన ఊరుకున్నాడంటే మంచిదేలేవే” అంది. మీరనుకున్నట్టే.

రస్

తా.క.: అనికా నాతో మాట్లాడి నాలుగు రోజులైంది. ఒక్కసారే తలుపు అవతలి నుంచి మీరడిగిందే అడిగింది, ఎప్పుడు తెలిసిందని. జవాబు మీకు రాయగలిగాను. దానికింకా చెప్పలేదు.