కింది నుంచి కోసిన వార్త

జూన్ 3, మంగళవారం
జింకు మీద నా వ్యాసం అచ్చయింది. చివరి పేరా లేదు.
మిగిలిందంతా నిజమే. మెటలోథయోనిన్ అనే ప్రోటీన్ జింకును పట్టి ఉంచుతుంది. రేడియేషన్ తగిలిన కణంలో పుట్టే హానికర అణువులను అడ్డుకుంటుంది. జింకు అందితే కణం ఆ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంది.
పోయింది — ఈ ప్రోటీన్ మీద పనిచేసే పరిశోధకురాలు ఫోన్‌లో రెండుసార్లు చెప్పిన మాట. "మంచి కణమా, క్యాన్సర్ కణమా అని దానికి తేడా తెలియదండీ. రేడియేషన్ నుంచి గడ్డనూ కాపాడొచ్చు."
రెండో పేరాలోనే పెట్టాను. డెస్క్ ఇన్‌చార్జి మూర్తిగారు చివరికి దించారు. "మొదట్లోనే భయపెడితే ఎవరు చదువుతారండి?" చివరి నిమిషంలో ప్రకటన వచ్చింది. స్థలం చాలకపోతే మా దగ్గర వార్తను కింది నుంచే కోస్తారు.

జూన్ 6
రాయదుర్గం మెట్రో పక్క మందుల షాపు. అద్దానికి నా వ్యాసం, లామినేషన్ చేయించి మరీ. దాని కింద జింక్ క్యాప్సూళ్ల డబ్బాలు — 'రేడియేషన్ కవచం'.
తీసేయమన్నాను.
"మీరు రాసిందే గదన్నా. మేం ఒక్క ముక్క కలపలే."
కలపలేదు. అదే మంట.

జూన్ 9
మా అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చే యాదమ్మ. గర్భసంచి క్యాన్సర్, రేడియేషన్ నడుస్తోంది. పని మానలేదు.
"మీ పేపర్ల వచ్చిన గోళీలే ఏస్కుంటున్న సార్. మా ఆయన రాయదుర్గంల తెచ్చిండు. ఇగ ఫికర్ లేదన్నడు."
"డాక్టర్‌కు చెప్పావా?"
"పేపర్ల వచ్చినంక ఆయన్నేం అడుగుడు?"
ఆపమన్నాను. రేపే డాక్టర్‌ను అడగమన్నాను. నన్ను అనుమానంగా చూసింది — రాసినవాడే కాదంటున్నాడని.

జూన్ 10
సవరణ వేయమన్నాను.
మూర్తిగారు: "తప్పు రాస్తే సవరణండి. మనం తప్పేం రాశాం? స్థలం చాల్లేదు, అంతే."
"ప్రకటనకు చాలింది."
"ఇన్నేళ్ల సర్వీసులో మీరిట్లా ఎమోషనల్ అవడం చూళ్లేదు."
ఎమోషన్ కాదు. సగం నిజం అచ్చేశాం. ఒక మనిషి దాన్ని మింగుతోంది.

జూన్ 11
సవరణ రాలేదు. అద్దం మీది కాగితం అలాగే ఉంది.

జూన్ 13
యాదమ్మ దవాఖాన నుంచి వచ్చింది. డాక్టర్ ఆపేయమన్నారట. ఇప్పటికే ఏమైనా అయిందా అంటే... ల్యాబ్‌లో చూసింది వేరు, ఈమె ఒంట్లో ఏం జరిగిందో చెప్పలేమన్నారట.
మెట్టు మీద కూర్చుంది, చీపురు ఒళ్లో పెట్టుకుని.
"నిజం చెప్పుండ్రి సార్. నేను మింగినయి నాకు వోయినయా, గడ్డకు వోయినయా?"
"తెలియదు."
"గా తెలియదన్న ముక్క పేపర్ల ఎందుకు రాయలే?"
రాశాను అనలేకపోయాను.
సవరణ మళ్లీ రాశాను. ఒకే వాక్యం: 'జింకు గడ్డనూ కాపాడుతుందేమో ఇంకా తెలియదు.' కోయడానికి దాని కింద ఏమీ లేదు. మూర్తిగారికి వాట్సాప్‌లో పంపాను — చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి.