ఇరవై మూడో తలకాయ

జలవిహార విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు, దీవి మీది విశ్రాంతి షెడ్డు నుండి ఒక లెక్కల మాస్టారు వ్రాసుకొను నాలుగవ అర్జీ.

అయ్యా,

విషయం: వినోదయాత్రకు వచ్చి దీవిలో మిగిలిపోయిన నన్ను, పన్నెండు రోజులు పూర్తయినందున, ఒడ్డుకు చేర్పించుట గురించి.

1. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సెలవు రోజున కాస్త గాలి పీల్చుకుందామని తమ విభాగం నడిపే లాంచీ ఎక్కి, సరస్సు మధ్యనున్న ఈ దీవికి వచ్చాను. లాంచీలో సీట్లు ఇరవై రెండు. రోజుకు ఒకే ట్రిప్పు. పదింటికి దీవి చేరుతుంది, పన్నెండింటికి బయలుదేరుతుంది. బయలుదేరే ముందు గైడు ఒక్కొక్కరి నెత్తి మీద పెన్నుతో తట్టి తలకాయలు లెక్కపెడతాడు. ఇరవై రెండు రాగానే, అవతలి ఒడ్డు చేరకముందే, రిజిస్టర్లో "అందరూ దిగారు" అని రాసేసి విజిల్ ఊదుతాడు. పేర్లు పిలవడు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. ఇరవై ఏళ్లుగా నా క్లాసులో హాజరు నేనూ ఇలాగే తీసుకుంటున్నాను. పేర్లు పిలుస్తూ కూర్చుంటే పీరియడ్ కాస్తా దానికే సరిపోతుంది.

2. ఆ రోజు దీవిలో కాలు పెట్టగానే ఒక గడ్డం మనిషి ఎదురొచ్చాడు. చొక్కా మాసిపోయి ఉన్నా మాట మహా మర్యాద. "ఆ గుట్ట వెనక్కి వెళ్లి చూడండి మాస్టారూ! అది చూడకపోతే ఇంత దూరం వచ్చీ దండగే. లాంచీ సంగతి నేను చూసుకుంటాను లెండి" అన్నాడు. వెళ్లాను. అక్కడ బండరాళ్లు, వాటి మీద కొంగల రెట్ట తప్ప ఏమీ లేదు. తిరిగొచ్చేసరికి లాంచీ ఒడ్డు వదిలేసింది. నా సీట్లో గడ్డం మనిషి ఉన్నాడు. నావైపు చూడకుండా ఉండటానికి పాపం చాలా అవస్థ పడ్డాడు.

3. మర్నాడు లాంచీ రాగానే పరుగెత్తుకెళ్లాను. గైడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇరవై రెండే సార్. మీరెక్కితే ఇరవై మూడు."

"నిన్న వచ్చినవాణ్ణయ్యా బాబూ!"

"నిన్నటివాళ్లందరూ దిగిపోయారు సార్. రిజిస్టర్లో ఉంది."

"మరి నేనెవర్ని?"

నన్ను ఎగాదిగా చూసి, "అది ఆఫీసులో కనుక్కోవాలి సార్" అన్నాడు.

అర్జీ ఇస్తే మాత్రం కాదనకుండా తీసుకెళ్తాడు. కాగితానికి తలకాయ లేదు కదా. ఒక్కరోజు ఒక సీటు ఖాళీగా పంపించమని మూడు అర్జీల్లోనూ వేడుకున్నాను. ఖాళీ సీటుతో నడిపితే విభాగానికి చెడ్డపేరని తమ కార్యాలయం మూడుసార్లూ సెలవిచ్చింది.

4. సదరు గడ్డం మనిషి ఎక్కడున్నా వెతికించి, కఠినంగా శిక్షించవలసిందిగా కోరుతున్నాను. తోటి మనిషిని నవ్వుతూ ఇలా నట్టేట వదిలేసి పోయినవాడు ఇంటికెళ్లి అన్నం ఎలా తింటున్నాడో నాకు అర్థం కావడం లేదు. వాడు మనిషి పుట్టుక పుట్టలేదు.

5. మా ఆవిడ తమ కార్యాలయానికి వెళ్లి ఏడ్చింది. అక్కడి గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించి, "మీ ఆయన దిగారమ్మా. దిగి ఇంటికి రాలేదంటే అది మీ ఇంటి గొడవ, మమ్మల్ని లాగకండి" అన్నాడట. ఒక యాత్రికుడి ఫోను బతిమాలి తీసుకుని ఇంటికి చేస్తే, ఆవిడ మొదట అడిగిన మాట, "ఎవర్తితో ఉన్నారు?" ఇరవై ఏళ్ల కాపురం అయ్యా! రిజిస్టర్లోని రెండు ముక్కల ముందు నిలబడలేకపోయింది.

6. యాత్రికులు తినగా మిగిలినవి తిని బతుకుతున్నాను. మొదట్లో అయ్యో పాపం అన్నారు. ఇప్పుడు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మొన్న ఒక తల్లి తన పిల్లకి నన్ను చూపించి, "చెప్పిన మాట వినకపోతే నిన్నూ ఇలాగే వదిలేసి పోతాం" అంది. ఆ పిల్ల జడుసుకుని చేతిలో బిస్కెట్టు పారేసింది. తీసుకుని తిన్నాను. షెడ్డు మీద తమ విభాగం వారు "మళ్లీ రండి" అని పెద్ద అక్షరాలతో రాయించిన బోర్డు ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతోంది.

7. అయ్యా, నాకు ఈత రాదు. ఇక అంశాలు కూడా తోచడం లేదు. వానకి షెడ్డు కారుతోంది, కాళ్లు పాచిపోతున్నాయి. నిన్న నా నెత్తి మీద నేనే పెన్నుతో తట్టుకుని "ఒకటి" అన్నాను. ఏడుపొచ్చింది. తీసుకెళ్లండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

నా మొర చిత్తగించి, రేపటి లాంచీలో ఒక్క సీటు దయచేయించవలెను.

తమ విధేయుడు,
ఇరవై మూడోవాడు.

తా.క.: పై అర్జీలో కోరిన సీటు అవసరం తీరిపోయింది. ఈ నాలుగు ముక్కలూ మా ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఈ ఉదయం లాంచీలో మా బావమరిది వచ్చాడు. వాళ్ల అక్క పంపిందట, నా పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని. సైకిల్ షాపు మూసుకుని, క్యారియరు, ఉతికిన చొక్కా, గడ్డం సామాను పట్టుకొచ్చాడు. "ఏం బావా, మా అక్క బాధ పడలేక సన్నాసుల్లో కలిసిపోయారా?" అని నవ్వాడు. నన్ను దగ్గర్నుంచి చూశాక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను గడ్డం గీసుకుంటుంటే అద్దం పట్టుకుని నిలబడ్డాడు. "కంగారు పడకండి బావా. రేపు పొద్దున్నే ఆఫీసుకెళ్లి తాడోపేడో తేల్చేస్తాను" అన్నాడు.

"ముందు ఆ గుట్ట వెనక్కి వెళ్లి చూసి రా. అది చూడకపోతే ఇంత దూరం వచ్చీ దండగే" అన్నాను.

గైడు పెన్ను నా నెత్తి మీద తట్టి "ఇరవై రెండు" అన్నాడు. ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లాంచీ కదిలాక మా బావమరిది ఒడ్డుకు పరుగెత్తుకొచ్చాడు. మొదట నవ్వాడు. బావ వేళాకోళం చేస్తున్నాడనుకున్నాడు. తర్వాత తువ్వాలు ఊపుతూ మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి ఆగిపోయాడు. అతనికీ ఈత రాదు.

కావున నాలుగో అంశాన్ని ఉపసంహరించుకుంటున్నాను. ఖాళీ సీటు పంపే ఆలోచన తమకేమైనా ఉంటే దయచేసి మానుకోండి. ఇరవై రెండు అంటే ఇరవై రెండే ఉండాలి. మా బావమరిది మంచివాడు, ఎవరినీ గుట్ట వెనక్కి పంపే గుణం కాదు. అందుచేత చాలాకాలం అక్కడే ఉండవచ్చు.

మా ఆవిడ వంటింట్లోంచి "మా తమ్ముడేడండీ?" అని ఇది మూడోసారి అడుగుతోంది. ఈ రోజు రిజిస్టరు నకలు ఒకటి వెంటనే పంపించగలరు.